పని నడిచిపోయే ఇంగ్లీషు

ఇంగ్లీషు అస్సలు రానివాళ్లకు దారి చూపేవాళ్లు కోకొల్లలు. బాగానే వచ్చి, వచ్చినచోటే ఆగిపోయినవాళ్లను పట్టించుకునేవాళ్లు తక్కువ. వీళ్లకు సినిమా సబ్‌టైటిల్స్ లేకుండా ముప్పాతిక వంతు అర్థమవుతుంది. మీటింగులో నోరు విప్పగలరు, నాలుగు పేజీల రిపోర్టు రాయగలరు. అయినా ‘ద’ ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేరు. మాటల వేగంలో ‘హి డోంట్’ జారిపోతుంది. రాసిన వాక్యంలో వ్యాకరణ దోషం లేకపోయినా ఎక్కడో అతుకు కనిపిస్తుంది. పదేళ్ల కిందట ఎంత వచ్చో ఇప్పుడూ అంతే.

ఎందుకిలా అని అడిగితే సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. చిన్నప్పుడే మొదలుపెట్టలేదు. భాషలు వంటబట్టే బుర్ర కాదు. చుట్టూ ఇంగ్లీషు వాతావరణం లేదు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది, కానీ ఈ మెట్టు మీద ఆగిపోవడానికి అవి చాలవు. నా లెక్కలో అసలు అడ్డంకి ఒకటే: ఉన్న ఇంగ్లీషుతో పని నడిచిపోతోంది. ఎదుటివాడికి అర్థమవుతోంది, జవాబు వస్తోంది, జీతం వస్తోంది. మారాల్సిన అవసరం మెదడుకు ఎక్కడా తగలడం లేదు.

ముందు కొలత చూద్దాం. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషా కొలమానంలో ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లున్నాయి. నేను చెబుతున్నవాళ్లు నాలుగో మెట్టు బి2 దగ్గర ఉంటారు. కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా ప్రకారం సున్నా నుంచి బి2కి 500 నుంచి 600 గంటల బోధన కావాలి, సి1కి 700 నుంచి 800, సి2కి 1000 నుంచి 1200. అంటే బి2 దాకా రావడానికి ఎంత పట్టిందో, అక్కడి నుంచి కొస మెట్టుకు దాదాపు మళ్లీ అంత పడుతుంది. బి2 దాటాక తరగతికి వెళ్లేవాళ్లు అరుదు. ‘రోజంతా ఇంగ్లీషులోనే గడుపుతున్నాను కదా’ అంటారు. ఆ గంటలు వాడకం ఖాతాలో పడతాయి, నేర్పు ఖాతాలో కాదు. ఇరవై ఏళ్లుగా రెండు వేళ్లతో టైపు చేస్తున్నవాడు ఆ రెండు వేళ్లతోనే ఇంకాస్త చులాగ్గా కొడతాడు గానీ, పది వేళ్లు వాటంతటవి కదలవు.

దీనికి పేరు పెట్టినవాడు భాషాశాస్త్రవేత్త లారీ సెలింకర్. మాతృభాషకూ నేర్చుకునే భాషకూ నడుమ ప్రతి అభ్యాసకుడి బుర్రలో ఒక మధ్యస్థ భాష ఉంటుందని, అందులో కొన్ని రూపాలు ఎంత కాలమైనా కదలకుండా గడ్డకట్టుకుపోతాయని 1972లో రాశాడు. గడ్డకట్టడం ఎలా ఉంటుందో 1983లో రిచర్డ్ ష్మిట్ చూపించాడు. హవాయిలో స్థిరపడిన ఒక జపాన్ చిత్రకారుడిని ఆయన కొన్నేళ్లు గమనించాడు. ఆ మనిషి కలుపుగోలువాడు. ఇంగ్లీషులోనే వ్యాపారం, స్నేహాలు, సరదాలు అన్నీ. మాటల ధాటి ఏటికేడు పెరిగింది. ఆర్టికల్స్, బహువచనపు ‘ఎస్’, భూతకాలపు ‘ఈడీ’ మాత్రం దాదాపు ఉన్నచోటే ఉండిపోయాయి. వాతావరణం లేకపోవడమే లోటు అనేవాళ్లు ఈ కేసు ఒకసారి చదవాలి. అంతకన్నా మంచి వాతావరణం ఎవరికి దొరుకుతుంది?

కెనడాలో పెద్ద ఎత్తునే ఈ సంగతి బయటపడింది. అక్కడ ఇంగ్లీషు ఇళ్ల పిల్లలకు పాఠాల్లో చాలా భాగం ఫ్రెంచిలో చెప్పే బడులున్నాయి. ఏళ్ల తరబడి ఫ్రెంచి విన్న ఆ పిల్లలకు వినడం, చదివి అర్థం చేసుకోవడం ఫ్రెంచి పిల్లలకు దగ్గరగా వచ్చాయి. మాట్లాడినా రాసినా వ్యాకరణం మాత్రం వెనకే ఉంది. 1985లో పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ దీనికి కారణం చెప్పింది. వినేటప్పుడు అర్థం కోసం వెతుకుతాం. సందర్భం, నాలుగు ముఖ్యమైన పదాలు, ఎదుటివాడి ముఖం చాలు, వాక్యం గుట్టు విప్పనక్కర్లేదు. చెప్పేటప్పుడు మాత్రం ప్రతి ప్రత్యయమూ మనమే ఎంచుకోవాలి. తెలియనిది అక్కడే తెలుస్తుంది. అందుకే బి2 దాటినవాళ్లకు ‘ఇంకా వినండి, ఇంకా చూడండి’ అనే సలహా సగానికి సగం వృథా అంటాను. కింది మెట్లలో అది మంత్రమే. ఇక్కడ మంత్రం మారాలి.

ఒక చిన్న ఉదాహరణ. ‘షి వర్క్స్’ అన్నప్పుడు చివరి ‘ఎస్’ ఏ సమాచారం మోస్తోంది? ఏమీ లేదు, చేసేది ఎవరో ‘షి’ ముందే చెప్పేసింది. పైగా ఆ శబ్దం బలహీనం, తర్వాతి పదంలో కలిసిపోతుంది. తెలుగువాళ్లకు క్రియ చివర పురుషను చూపడం కొత్తేమీ కాదు. ‘పనిచేస్తాను, పనిచేస్తావు, పనిచేస్తారు’ అని కర్తను వదిలేసి మరీ క్రియతోనే బండి లాగిస్తాం. అయినా ఇంగ్లీషులో ఒకే ఒక్క ‘ఎస్’ను జారవిడుస్తాం. తెలుగులో ఆ ప్రత్యయం లేకపోతే అర్థం పోతుంది, ఇంగ్లీషులో పోదు. అవసరం లేని దాన్ని చెవి పట్టుకోదు. గమనించనిది లోపలికి చేరదని ష్మిట్ 1990లో అన్నాడు. ఆయన మాటను అక్షరాలా తీసుకోవాలా వద్దా అన్న చర్చ ఎలా ఉన్నా, పై స్థాయి అభ్యాసకుడి విషయంలో పనికొచ్చే సూత్రం ఇదే.

ఇక పదసంపద. ఇక్కడ అంకెలు కళ్లు తెరిపిస్తాయి. పదసంపద మీద పరిశోధించిన పాల్ నేషన్ 2006లో లెక్కగట్టినదాని ప్రకారం నవలనో వార్తాపత్రికనో ఎవరి సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలియాలి. మాట్లాడే భాషకు 6,000 నుంచి 7,000. పద కుటుంబం అంటే ‘డిసైడ్, డిసైడెడ్, డెసిషన్, డిసైసివ్’ అన్నీ కలిపి ఒక్కటి. ‘సాయం లేకుండా’ అనడానికి ఆయన పెట్టుకున్న గీటు నూటికి 98 పదాలు తెలిసి ఉండటం. 95కీ 98కీ పెద్ద తేడా ఏముందనిపిస్తుంది. 300 పదాల పేజీలో 95 శాతం అంటే 15 తెలియని పదాలు, 98 అంటే ఆరు. పదిహేను తెలియకపోతే చదవడం కాదు, కలుపు తీయడం. ఆరైతే సందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ పోవచ్చు.

అందరూ ఎక్కువగా వాడే మొదటి రెండు వేల పద కుటుంబాలే ఏ రచనలోనైనా ఇంచుమించు నూటికి ఎనభై పదాలను కప్పేస్తాయి. మిగతా వేలన్నీ కలిసి పంచుకునేది చివరి ఇరవయ్యే. వాడుక వరుసలో ఏడో వెయ్యిలో ఉన్న ఒక పదం మామూలు చదువులో మళ్లీ ఎదురయ్యేసరికి నెలలు పట్టవచ్చు, అప్పటికి మొదటిసారి చూసిన సంగతే మరిచిపోతాం. మొదటి రెండు వేల పదాలు వాడుకలో వాటంతటవే అబ్బుతాయి, తర్వాతివి కావాలని నేర్చుకుంటే తప్ప రావు. చదువుల రంగానికైతే ఎవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో తయారుచేసిన 570 పద కుటుంబాల జాబితా ఉంది. విద్యా రచనల్లో దాదాపు పదో వంతు పదాలు అందులోనివే. విశ్వవిద్యాలయంలో చేరబోయేవాళ్లు కనబడిన పదమల్లా రాసుకునే బదులు ఈ జాబితాతో మొదలుపెడితే ఎంతో శ్రమ తప్పుతుంది.

అయితే పదాలు తెలిసీ వాక్యం ఎందుకు అతికినట్టుండదు? నా దృష్టిలో పై స్థాయికి ఇదే గుండెకాయ లాంటి ప్రశ్న. తెలుగులో ఆకలి వేస్తుంది, కోపం వస్తుంది, నిద్ర పడుతుంది, జలుబు చేస్తుంది. తెలుగు నేర్చుకుంటున్న ఒక విదేశీయుడు ‘నాకు జలుబు వేసింది’ అన్నాడనుకోండి. అర్థమవుతుంది, నవ్వొస్తుంది, కానీ ఎందుకు తప్పో చెప్పమంటే మన దగ్గర సూత్రం లేదు. ‘అలా అనరు’ అంటాం, అంతే. ఇంగ్లీషు నిండా ఇలాంటివే. వాన ‘హెవీ’, గాలి ‘స్ట్రాంగ్’. నిర్ణయాన్ని ‘మేక్’ చేస్తారు, పరిశోధనను ‘డూ’ చేస్తారు, నేరాన్ని ‘కమిట్’ చేస్తారు, శ్రద్ధను ‘పే’ చేస్తారు. ఏ పదానికి ఏ పదం జోడీయో నిఘంటువులో అర్థం చూస్తే తెలియదు. ఈ జోడీలు విడి పదాలుగా కాకుండా ఒకే ముక్కగా బుర్రలో ఉంటాయని, మాతృభాషీయుల ధారాళతకు అదే కారణమని ఆండ్రూ పాలీ, ఫ్రాన్సిస్ సైడర్ 1983లోనే వాదించారు. మనం ఇటుక ఇటుకా పేర్చుకునే చోట వాళ్లు గోడ ముక్కను ఎత్తి పెడతారు.

ఇంకో లోతు కూడా ఉంది. ‘కాజ్’ అనే క్రియ తీసుకోండి. నిఘంటువులో దాని అర్థం ‘కలిగించు’. అసలు వాడుక చూస్తే దాని వెనక నడిచేవి దాదాపు అన్నీ చెడ్డవే: ప్రాబ్లం, డ్యామేజ్, డెత్, కన్సర్న్. అందుకే ‘ద న్యూ పాలసీ కాజ్డ్ గ్రేట్ హ్యాపీనెస్’ అని రాస్తే వ్యాకరణం ఒప్పుకున్నా చెవి ఒప్పుకోదు. ఇవి కనిపెట్టడానికి ఇప్పుడు సాధనాలున్నాయి. కార్పస్ అంటే జనం నిజంగా రాసిన, మాట్లాడిన భాషను పోగుచేసిన భాండారం. మార్క్ డేవిస్ తయారుచేసిన అమెరికన్ ఇంగ్లీషు కార్పస్‌లో వంద కోట్లకు పైగా పదాలున్నాయి, ఎవరైనా వెతుక్కోవచ్చు. మీరు రాయబోయే జోడీని అందులో వేసి ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. మూడుసార్లు మాత్రమే వచ్చి, వేరే జోడీ మూడు వేలసార్లు వస్తే మీ సందేహం తీరినట్టే. మామూలు వెబ్ సెర్చిలో వచ్చే ఫలితాల సంఖ్యను మాత్రం నమ్మకండి. అందులో మనలాంటివాళ్లు రాసినవీ కలిసి ఉంటాయి, ఆ సంఖ్యలూ నిలకడగా ఉండవు.

జోడీల తప్పుల్లో మాతృభాష చెయ్యి చాలా ఉంటుంది. ‘డిస్కస్ ఎబౌట్’ అనేది ‘గురించి చర్చించడం’ నుంచి వచ్చింది. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అంటే ‘నాకు వివరించు’. ఏ వాక్యం చివరైనా ‘ఈజింటిట్’ తగిలించడం మన ‘కదా’. ‘ఐ యామ్ నోయింగ్’ లాంటివి కింది మెట్టులోనే రాలిపోతాయి గానీ, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’తో పైదాకా వచ్చేవాళ్లున్నారు. అయితే మాతృభాషను దొంగలా చూడటం నాకు నచ్చదు. తెలుగులో బాగా చదివి, వాదన కట్టి, పేరాలు రాయగలిగిన మనిషికి ఆ నేర్పు ఇంగ్లీషులోకి నడిచొస్తుంది. చదువు భాషకు సంబంధించిన సామర్థ్యం రెండు భాషల అడుగునా ఒకటేనని పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979 నుంచీ చెబుతున్నాడు. రోజువారీ సంభాషణకు సుమారు రెండేళ్లు చాలితే, చదువుకు కావలసిన భాషకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని కూడా ఆయనే అన్నాడు. అది ఇంగ్లీషు దేశాలకు వలస వెళ్లిన పిల్లల లెక్క. ఇంగ్లీషును విదేశీ భాషగా నేర్చుకునేవాళ్లకు అంతకన్నా తొందరగా వస్తుందనుకోవడానికి ఆధారమేదీ లేదు.

ఆర్టికల్స్ సంగతి విడిగా చెప్పాలి. 1960ల నాటి బ్రౌన్ కార్పస్‌లో పది లక్షల పదాలుంటే, వాటిలో దాదాపు 7 శాతం ఒక్క ‘ద’నే. ఇన్నిసార్లు కనిపించేది ఎందుకు రాదు? తెలుగు, రష్యన్, జపనీస్ లాంటి భాషల్లో ఆర్టికల్ అనే గదే లేదు. లేని గదిలో సామాను సర్దడం కష్టం. చాలా పుస్తకాలు నలభై నియమాలిచ్చి చేతులు దులుపుకుంటాయి. పనికొచ్చేవి రెండు ప్రశ్నలు, అవీ ఇదే వరుసలో. నేను చెబుతున్న వస్తువు ఏదో వినేవాడికి తెలుసా? తెలిస్తే ‘ద’. తెలియకపోతే, అది లెక్కపెట్టగలిగే ఒక్కటేనా? అయితే ‘ఎ’ లేదా ‘ఏన్’, కాకపోతే ఏమీ వద్దు. నదుల పేర్లు, దేశాల పేర్లు వగైరా కంఠతా పట్టాల్సినవి. మిగతా తప్పులు ఎక్కువగా మొదటి ప్రశ్న దగ్గరే జరుగుతాయి, ఎందుకంటే మనం మన బుర్రలో ఉన్నది చూసుకుని ‘ద’ పెడతాం. చూడాల్సింది వినేవాడి బుర్రలో ఉన్నది. రెండో రకం తప్పు పై స్థాయి వాళ్లది: ‘ద’ వదిలేస్తున్నామన్న భయంతో ‘ద లైఫ్ ఈజ్ హార్డ్’, ‘ద సొసైటీ షుడ్ చేంజ్’ అని అవసరం లేనిచోటల్లా పెట్టేయడం. ఇది ఒక రకంగా మంచి లక్షణమే. గది కట్టుకున్నారు, తలుపు సరిచేసుకోవాలి.

ఉచ్చారణ గురించి జనం పడే బెంగలో ముప్పాతిక అనవసరం. యాస వేరు, అర్థమవడం వేరు. బాగా యాస ఉన్న మాట కూడా పూర్తిగా అర్థమవగలదని పరిశోధకులు మన్రో, డెర్వింగ్ 1995లో చూపించారు. పైలట్ల ఇంగ్లీషుకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన ఆరు మెట్ల కొలమానంలో కొసన ఉన్న ఆరో మెట్టు కూడా మాతృభాష ప్రభావం ఉండవచ్చంటుంది, అది అర్థమవడానికి దాదాపు ఎప్పుడూ అడ్డురాకపోతే చాలంటుంది. పెదవులు విరుచుకుని ‘వి’నీ ‘డబ్ల్యూ’నీ వేరుచేసే సాధన చేసే ముందు ఊనిక (స్ట్రెస్) సరిచేసుకోండి. తెలుగులో అక్షరాలన్నిటికీ ఇంచుమించు సమానంగా బరువు వేస్తాం. ఇంగ్లీషులో ఒక అక్షరం లేస్తే చుట్టుపక్కలవి నలిగిపోతాయి. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరం మీద, ‘ఫొటాగ్రఫీ’లో రెండో దాని మీద, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడో దాని మీద. ఊనిక తప్పితే వినేవాడు వేరే పదం వెతుక్కుంటాడు.

ఈ నలిగిపోవడమే వినికిడికీ అసలు చిక్కు. ‘వాట్ డూ యూ వాంట్ టు’ అని రాసి ఉన్నది నోట్లో ‘వాడయవానా’ అవుతుంది. ‘కెన్’ బతికుండేది ఒక్క ‘క్న్’గా. పుస్తకంలో కళ్లతో నేర్చుకున్న భాష చెవిలో దొరకదు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే కళ్లే ఎక్కువ పని చేస్తాయి, చెవికి పని తగ్గుతుంది. దీనికి మందు చేదుగానే ఉంటుంది: 60 నుంచి 90 సెకన్ల ముక్క ఒకటి తీసుకుని, విన్నది విన్నట్టు కాగితం మీద రాయండి. అయిదారుసార్లు వినండి. ఆ తర్వాతే సబ్‌టైటిల్స్ తెరిచి, తప్పిన ప్రతి చోటా ఎందుకు తప్పిందో రాసుకోండి: పదమే తెలియదా, తెలిసిన పదం నలిగి వినబడలేదా, రెండు పదాలు కలిసిపోయాయా? రెండో కారణం, మూడో కారణమే ఎక్కువగా తేలతాయి. అంటే కొత్త పదాలు నేర్చుకుంటే తీరే సమస్య కాదది.

మర్యాద దగ్గర జరిగే తప్పులు మరీ ఖరీదైనవి. తెలుగులో ఒక్క ‘అండి’ చేసే పని ఇంగ్లీషులో వాక్య నిర్మాణమంతా కలిసి చేస్తుంది. ‘ప్లీజ్ సెండ్ ద ఫైల్ టుడే’ అని రాసి మర్యాదగానే అడిగామనుకుంటాం, చదివేవాడికి అది ఆజ్ఞ. ‘కుడ్ యూ’, ‘వుడ్ ఇట్ బి పాజిబుల్’, ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’ అనేవి అక్కడి ‘అండి’లు. వ్యాకరణం తప్పితే భాష సరిగా రాదనుకుంటారు, ఇది తప్పితే మనిషే మంచివాడు కాదనుకుంటారు. భాషా పరిశోధకురాలు జెన్నీ థామస్ 1983లో ఎత్తిచూపిన సంగతి ఇదే. ఎంత బాగా ఇంగ్లీషు మాట్లాడితే ఈ తప్పుకు అంత తక్కువ క్షమ. రచనలో దీని తోబుట్టువు శైలి. బెల్జియంలోని లూవాన్‌లో సిల్వియాన్ గ్రాంజే 1990లో మొదలుపెట్టిన అభ్యాసకుల కార్పస్ మీద జరిగిన పనిలో పదేపదే తేలింది ఏమిటంటే, వేర్వేరు మాతృభాషల పై స్థాయి విద్యార్థులు వ్యాసాల్లో కూడా మాట్లాడినట్టే రాస్తారు. ‘ఐ థింక్’, ‘ఆఫ్ కోర్స్’ మితిమీరి పడతాయి.

తప్పు చెప్పేవాళ్లు ఉంటే ఇవన్నీ సర్దుకుంటాయా? చెప్పే తీరును బట్టి. పరిశోధకులు లిస్టర్, రాంటా 1997లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగు తరగతి గదులు పరిశీలించారు. టీచర్లు ఎక్కువగా చేసేది, విద్యార్థి తప్పుగా అన్నదాన్ని తాము సరిగా తిరిగి అనడం. సవరణల్లో 55 శాతం ఇదే. దానికి విద్యార్థి ఏదో ఒక రకంగా స్పందించింది 31 శాతంలోనే. మిగతా చోట్ల పిల్లలకు అది సవరణ అనే తెలిసి ఉండదు, టీచరు ‘ఊఁ’ కొట్టిందనుకుని ఉంటారు. ‘మళ్లీ చెప్పు, ఎలా అంటారు?’ అని పిల్లాడి నోటి నుంచే రాబట్టినప్పుడు ప్రతిసారీ స్పందన వచ్చింది. ఇప్పుడు మన ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్న సవరణ సాధనాలు ఆ మొదటి రకం టీచర్లే. ఎర్రగీత పడుతుంది, నొక్కుతాం, పోతుంది. రేపు అదే తప్పు, మళ్లీ అదే నొక్కు. వాటిని తిట్టి లాభం లేదు గానీ వాడే పద్ధతి మార్చవచ్చు: తప్పున్న చోటు మాత్రం చూపించమనండి, సరైన రూపం చెప్పవద్దనండి. మీరు దిద్దాకే సరిచూడమనండి.

వయసు విషయం త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అది మన చేతిలో లేదు. అమెరికా వచ్చి స్థిరపడిన 46 మంది చైనీయులు, కొరియన్లను పరీక్షించిన ఫలితాన్ని పరిశోధకులు జాన్సన్, న్యూపోర్ట్ 1989లో ప్రచురించారు. చిన్న వయసులో వచ్చినవాళ్లు వ్యాకరణ పరీక్షలో మెరుగ్గా నిలిచారు. 2018లో దాదాపు 6,70,000 మంది మీద ఆన్‌లైన్‌లో జరిగిన అధ్యయనమైతే వ్యాకరణం నేర్చే శక్తి 17.4 ఏళ్ల దాకా నిలబడే ఉంటుందంది. కానీ పై స్థాయికి రావడమూ, మాతృభాషీయుడిలా మారిపోవడమూ ఒకటి కావు. తరగతి గది చదువులో సంగతి తిరగబడుతుంది కూడా. కార్మెన్ మునోజ్ బృందం బార్సిలోనాలో చూసినప్పుడు, సమాన గంటలు చదివినవాళ్లలో ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లే ముందున్నారు. వారానికి రెండు మూడు గంటల చదువులో చిన్నపిల్లల సహజశక్తికి మేత చాలదు. పెద్దవాళ్ల విశ్లేషణ శక్తికి అదే చాలు. సహజ ప్రజ్ఞ ఉందంటారా, ఉంది. 1959 నుంచీ దానికి పరీక్షలున్నాయి. అది ఎంత వేగంగా వస్తుందో చెబుతుంది. పదేళ్లుగా ఒకే చోట ఆగిపోయినవాడి సమస్య వేగం కాదు.

ఉత్సాహం, భయం గురించి ఒక మాట. ఇంగ్లీషులో తాను ఎలాంటి మనిషిగా ఉండాలనుకుంటున్నాడో ఆ ఊహాచిత్రం బలంగా ఉన్నవాడు కష్టపడతాడని భాషాభ్యాసంలో ఉత్సాహం మీద పరిశోధించిన జోల్టాన్ డోర్న్యెయ్ 2005 నుంచీ చెబుతూ వచ్చాడు. ‘ఇంగ్లీషు బాగా రావాలి’ అనేది చిత్రం కాదు. ‘ఆ సదస్సులో ప్రశ్నలకు కాగితం చూడకుండా జవాబిస్తున్నాను’ అనేది చిత్రం. దాన్నుంచి ఏం సాధన చేయాలో కూడా తెలుస్తుంది.

సాధన విషయానికొస్తే, నేషన్ 2007లో చెప్పిన నాలుగు పాళ్ల లెక్క నాకు తెలిసినవాటిలో నిజాయితీ గలది. సమయాన్ని నాలుగు సమాన భాగాలు చేసి అర్థం కోసం వినడం–చదవడం, అర్థం కోసం మాట్లాడటం–రాయడం, భాషనే వస్తువుగా పెట్టుకుని చదవడం, తెలిసినదాన్నే వేగంగా వాడటం అని పంచాలి. బి2 దాటినవాళ్ల వారం చూస్తే మొదటిదే నిండి ఉంటుంది, మూడోదీ నాలుగోదీ ఖాళీ. ఆ ఖాళీ ఇలా నింపుకోవచ్చు.

మొదట మీ తప్పుల జనాభా లెక్క తీయండి. మీరు రాసినవే, సాధనం దిద్దనివి, ఓ రెండు వేల పదాలు పోగుచేసి తెలిసినవాళ్ల చేత తప్పులున్న చోట గీతలు మాత్రం పెట్టించండి. రకాలవారీగా లెక్కపెట్టండి. వందల తప్పులున్నా రకాలు మూడు నాలుగే ఎక్కువ భాగం ఆక్రమిస్తాయి. వాటిలో ఒక్కటే తీసుకుని మూడు వారాలు దానిమీదే కన్నుంచండి. అన్నీ ఒకేసారి దిద్దబోతే మాట తడబడుతుంది, వారంలో విసుగొచ్చి వదిలేస్తారు. మాట్లాడటానికీ ఇదే పద్ధతి: రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి, ‘అ, ఉమ్’లతో సహా కాగితం మీద పెట్టండి, దిద్దండి, కాగితం పక్కన పెట్టి మళ్లీ మాట్లాడండి. మొదటిసారి చేసినవాళ్లు రెండో రికార్డింగు చేయకుండా ఆపేస్తారు, తమ గొంతు వినలేక. ఫలితమంతా ఉన్నది రెండో రికార్డింగులోనే.

జోడీలకు రోజుకు అయిదు చాలు. చదివినదాంట్లోంచి, మీకు అర్థమైనా మీరైతే అలా రాసి ఉండేవారు కాదనిపించిన ముక్కలు ఏరండి. ఈ ఒక్క గీటురాయి పెట్టుకుంటే ఏరడం తేలిక. కార్డుకు ఒకవైపు తెలుగులో మొత్తం వాక్యం, రెండోవైపు ఇంగ్లీషు వాక్యం రాయండి. విడి పదం, దాని అర్థం రాసిన కార్డులు ఈ మెట్టులో దండగ. రేపు, మూడు రోజులకు, వారానికి, మూడు వారాలకు గుర్తుచేసుకోండి. కార్డు తిప్పకముందే జవాబు పైకి అనాలి. తిప్పి చూసి ‘ఆఁ, ఇదే కదా’ అనుకుంటే గుర్తుపట్టినట్టు, గుర్తుతెచ్చుకున్నట్టు కాదు.

శైలికి పాత పద్ధతే గట్టిది. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ నచ్చిన వ్యాసంలోని ఒక్కో వాక్యానికి చిన్న గుర్తు రాసుకుని, కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆ గుర్తులతో వ్యాసాన్ని తన మాటల్లో మళ్లీ కట్టి, మూలంతో పోల్చుకునేవాడు. ఆయన మాతృభాష ఇంగ్లీషే, అయినా ఆ శ్రమ పడ్డాడు. ఒక పేరాతో చేసి చూడండి, పోల్చేటప్పుడు ఆర్టికల్స్, జోడీలు, వాక్యాలను కలిపే మాటలు ఒక్కొక్కటే విడిగా లెక్కపెట్టండి. ధారాళతకు 4/3/2 ఉంది: తెలిసిన విషయమే మొదట నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడు, తర్వాత రెండు నిమిషాల్లో, ప్రతిసారీ కొత్త మనిషికి చెప్పాలి. కొత్త విషయంతో చేస్తే ఇది పనిచేయదు, తెలియనిదాన్ని వేగంగా చెప్పబోయి పాత తప్పులనే గట్టిపరుచుకుంటారు.

అందరూ సి2కి వెళ్లాలని నేననను. బి2తో హాయిగా పని జరిగే వృత్తులు బోలెడు, వాళ్లు ఈ గంటల్ని వేరే దానికి పెట్టుకోవడం మేలు. విమానయానం ఈ సంగతి ఒప్పుకుని మరీ నియమం పెట్టుకుంది. ఇందాక చెప్పిన పైలట్ల ఆరు మెట్లలో నాలుగోది ఉంటే, భాష వరకు, అంతర్జాతీయ విమానం నడపవచ్చు. కాకపోతే నాలుగో మెట్టు వాళ్లకు మూడేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెట్టాలని ఆ సంస్థ సిఫారసు, అయిదో మెట్టు వాళ్లకు ఆరేళ్లకోసారి. ఆరో మెట్టు వాళ్లకు మళ్లీ పరీక్ష లేదు. మనకు అలా పరీక్ష పెట్టేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి, ఆ రెండు నిమిషాల రికార్డింగు ఒకటి తేదీ వేసి దాచిపెట్టుకోండి. మూడేళ్ల తర్వాత అదే విషయం మీద మళ్లీ మాట్లాడి రెండూ పక్కపక్కన వినండి.